లెక్క ఎప్పటి నుంచి?

తెనాలి

చిరంజీవి చిన్నమ్మడూ,



బ్రిటన్ ఆసుపత్రికి పంపబోయే నీ ఉత్తరాన్ని మీ నాన్న నాకు పంపించి ఒకసారి చూడమన్నాడు. చూశాను. నీ పని గురించి నువ్వు రాసుకున్న తీరు నాకు చాలా నచ్చింది. స్పెల్లింగుల్లో తడబాటు లేదు, గొప్పలు లేవు. అయితే కాలం చెప్పాల్సి వచ్చిన ప్రతిచోటా మాటలు ఇంగ్లీషులో, నడక తెలుగులో ఉన్నాయి. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అన్నావు. "డైలీ ట్వైస్" అన్నావు. "ఆన్ నెక్స్ట్ మండే", "వెన్ ఐ విల్ జాయిన్" కూడా ఉన్నాయి. ఇవన్నీ దిద్ది పంపడం నాకు నిమిషాల పని. కానీ రేపు నువ్వు వార్డులో నిలబడతావు. మందు ఎప్పుడిచ్చారు, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఆపరేషన్ ఎన్నింటికి అన్న సంగతులు ఒక షిఫ్టు నర్సు నుంచి ఇంకో షిఫ్టు నర్సుకు నోటిమాటగా అందుతాయి. అక్కడ దిద్దడానికి నేనుండను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

బళ్ళో మీకు ఈ మాటలన్నీ పట్టికలుగా నేర్పుతారు. ఆ పట్టికలు పరీక్ష దాకా గుర్తుంటాయి, నోరు తెరిచేసరికి గుర్తుండవు. ఇన్నేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పాక నాకు కుదిరిన నమ్మకం ఒకటుంది. కాలం చెప్పే ముందు మనసులో రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. నేను చెబుతున్నది ఒక క్షణమా, లేక కొంత నిడివా? ఆ లెక్క ఇప్పటి నుంచి మొదలవుతోందా, లేక వేరే ఏదో రోజు నుంచా? తెలుగులో ఈ రెండూ చెప్పకుండానే ఎదుటివాళ్లకు అర్థమైపోతాయి. ఇంగ్లీషు మాత్రం వాటిని బయటికి చెప్పించి తీరుతుంది.

నీ మొదటి వాక్యమే తీసుకో. "సోమవారం నుంచి జ్వరం" అంటాం, "మూడు రోజుల నుంచి జ్వరం" అనీ అంటాం. మన "నుంచి"కి రెండూ సమ్మతమే. సోమవారం అనేది జ్వరం మొదలైన చోటు. మూడు రోజులు అనేది జ్వరం సాగిన పొడవు. మొదలైన చోటు చెబితే ఇంగ్లీషులో సిన్స్, పొడవు చెబితే ఫర్. "సిన్స్ మండే", "ఫర్ త్రీ డేస్". "సిన్స్ త్రీ డేస్" అనేది మన దేశమంతటా వినిపిస్తుంది, ఎందుకంటే మన భాషల్లో చాలావాటికి ఈ రెంటికీ ఒకటే మాట. విన్నవాళ్లకు అర్థమూ అవుతుంది. అయినా రాతలో రానివ్వకు. "సిన్స్ లాంగ్" కూడా అంతే, "ఫర్ ఎ లాంగ్ టైమ్" అనాలి.

ఇంతకంటే ముఖ్యమైనది క్రియ. "పని చేస్తున్నాను" అని తెలుగులో వర్తమానంలో చెబుతాం కాబట్టి "ఐ యామ్ వర్కింగ్" వచ్చేసింది. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషులో "హావ్" ఉండాలి. "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్." ఆ హావ్ తీసేసి "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అన్నావంటే, ఆ ఉద్యోగం మానేశావని ఇంటర్వ్యూ చేసేవాళ్లు అనుకుంటారు. అప్పుడు మధ్యలో ఖాళీగా ఉన్న కాలం గురించి అడుగుతారు.

ఇదే తేడా రోగి నోట్లో మరీ సన్నగా వినిపిస్తుంది. "ఐ హాడ్ పెయిన్ ఫర్ త్రీ డేస్" అంటే మూడు రోజులు నొప్పి ఉండేది, తగ్గింది. "ఐవ్ హాడ్ పెయిన్ ఫర్ త్రీ డేస్" అంటే మూడు రోజులైంది, ఇంకా ఉంది. రెంటికీ మధ్య ఉన్నది పెదవి దగ్గర పలికే ఒక్క చిన్న శబ్దం. ముసలివాళ్లు నీరసంగా మాట్లాడినప్పుడు అది వినబడకపోవచ్చు. అలాంటప్పుడు ఊహించి రాయకు. "ఈజ్ ఇట్ స్టిల్ దేర్ నౌ?" అని అడుగు. అడిగినందుకు ఏ రోగీ నొచ్చుకోడు.

ఇప్పుడు రెండో ప్రశ్న. "రెండు రోజుల ముందు" అన్నామనుకో, ఏ రోజుకు ముందు? ఈ రోజుకే అయితే ఎగో. "షి ఫెల్ టూ డేస్ ఎగో." వేరే రోజుకు ముందైతే బిఫోర్. ఆమెకు పదో తారీఖున ఆపరేషన్ జరిగింది, అంతకు రెండు రోజుల ముందు కిందపడింది, అప్పుడు "టూ డేస్ బిఫోర్ ది ఆపరేషన్". ఎగో ఎప్పుడూ మాట్లాడుతున్న క్షణం నుంచే వెనక్కి లెక్కిస్తుంది. "టూ డేస్ బ్యాక్" అని మనవాళ్లు విరివిగా అంటారు. అది తప్పని నేననను, మాటల్లో చెల్లుతుంది. నోట్సులో ఎగో రాయి. వీలైతే అదీ వద్దు, తారీఖే రాయి. ఎందుకంటే ఎగో అన్న మాట రాసినరోజే నిజం, మూడు రోజుల తర్వాత ఆ కాగితం చదివేవాళ్లు దాన్ని వాళ్ల రోజు నుంచి లెక్కపెట్టుకునే ప్రమాదం ఉంది.

ముందుకు లెక్కపెట్టేటప్పుడూ ఇదే సూత్రం. "డాక్టరుగారు పది నిమిషాల తర్వాత వస్తారు" అన్నదాన్ని మనం "ఆఫ్టర్ టెన్ మినిట్స్" చేస్తాం. ఇప్పటి నుంచి పది నిమిషాలైతే వాళ్లు "ఇన్ టెన్ మినిట్స్" అంటారు. ఆఫ్టర్ ఎక్కువగా జరిగిపోయిన కథ చెప్పేటప్పుడు వస్తుంది, "ఆఫ్టర్ టెన్ మినిట్స్ హి స్టార్టెడ్ వామిటింగ్" అని. వితిన్ అంటే ఆ పది నిమిషాలు నిండేలోపల ఎప్పుడైనా. "ఇన్ యాన్ అవర్" అంటే గంట గడిచాక అని, "వితిన్ యాన్ అవర్" అంటే గంట దాటకుండా అని. మందుల వేళల్లో ఈ తేడా చిన్నది కాదు.

బై, అంటిల్ అనే జంటను పిల్లలు కలిపేస్తుంటారు. ఇక్కడ మాత్రం తెలుగే నీకు గురువు. "ఎనిమిదింటికల్లా వస్తాను" అనడానికీ "ఎనిమిదింటి వరకు ఉంటాను" అనడానికీ తేడా మన ఇంట్లో పసివాళ్లకు కూడా తెలుసు. కల్లా అన్నచోట బై, వరకు అన్నచోట అంటిల్. "ఐ విల్ బి దేర్ బై ఎయిట్", "ఐ యామ్ ఆన్ డ్యూటీ అంటిల్ ఎయిట్". "బై ఫ్రైడే" అంటే శుక్రవారం కూడా లెక్కలోకి వస్తుంది. "బిఫోర్ ఫ్రైడే" అంటే గురువారంతో సరి. మనం "శుక్రవారంలోపు" అన్నప్పుడు శుక్రవారం వస్తుందా రాదా అని ఇద్దరు రెండు రకాలుగా అనుకుంటారు, అందుకే ఆ మాటను ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ఆగి ఆలోచించు. ఇంకొకటి, "అంటిల్ అన్‌లెస్" అని మనవాళ్లు జంటగా వాడే మాటను ఇక్కడే వదిలేసి వెళ్లు. వాటిలో ఏదో ఒక్కటే వాడాలి.

ఎట్, ఆన్, ఇన్ సంగతి నీకు తెలిసిందే. గడియారపు వేళకు ఎట్, రోజుకు ఆన్, నెలకూ ఏడాదికీ ఇన్. "ఇన్ ది మార్నింగ్" అంటాం, "ఎట్ నైట్" అంటాం, కానీ ఫలానా రోజు పేరు చేరగానే "ఆన్ మండే మార్నింగ్" అయిపోతుంది. దిస్, లాస్ట్, నెక్స్ట్, ఎవ్రీ ముందుంటే ఇవేవీ అక్కర్లేదు. "నెక్స్ట్ మండే" చాలు. "టుడే మార్నింగ్" కాదు, "దిస్ మార్నింగ్". "ఎస్టర్‌డే నైట్" కంటే "లాస్ట్ నైట్" సహజం. "డైలీ ట్వైస్" బదులు "ట్వైస్ ఎ డే". ఇవి అలవాటు మీద వచ్చేవి, పదిసార్లు పైకి చదువుకుంటే పోతాయి.

మన "ఇంకా" గురించి చెప్పాలి. "ఇంకా ఉన్నాడు", "ఇంకా రాలేదు" రెంటికీ మనకు ఒకటే మాట. ఉన్నదానికి ఇంగ్లీషులో స్టిల్, జరగనిదానికి యెట్. "హి ఈజ్ స్టిల్ ఇన్ పెయిన్", "ది రిపోర్ట్ హాజంట్ కమ్ యెట్". అలాగే "అప్పుడే లేచావా?" అన్నప్పటి ఆశ్చర్యం ఆల్రెడీలో ఉంటుంది. "ఇప్పుడే" ఇంకో చిక్కు. "ఇప్పుడే వచ్చాడు" అంటే "హి హాజ్ జస్ట్ కమ్". "ఇప్పుడే వస్తాను" అని రోగికి చెప్పాలంటే "జస్ట్ నౌ" అనకు. ఆ మాట బ్రిటన్‌లో ఎక్కువగా కాసేపటి కిందటి సంగతికి వాడతారు. "ఐ విల్ బి విత్ యు ఇన్ ఎ మినిట్" అను. అన్నాక ఆ నిమిషంలో వెళ్లలేకపోతే మళ్ళీ వెళ్లి చెప్పు. మంచం మీద పడుకున్న మనిషికి నిమిషం చాలా పొడుగు.

"మొన్న" అని మనకు హాయైన ఒక్క మాట ఉంది, వాళ్లకు "ది డే బిఫోర్ ఎస్టర్‌డే" అని నాలుగు మాటలు కావాలి. ఎల్లుండి అయినా అంతే. కానీ మన మొన్న కూడా కొన్నిసార్లు ఖచ్చితమైన రోజు కాదు, "మొన్నీమధ్య" అనే అర్థంలో వాడతాం. వాళ్లకు అలాంటిది "ది అదర్ డే". రోగి "ది అదర్ డే" అన్నాడంటే అది తారీఖు కాదు, ఏ రోజో అడిగి తెలుసుకోవాలి.

ఇక అక్కడి వార్డులో వినబోయేవి. "హాఫ్ సెవెన్" అంటే బ్రిటన్‌లో ఏడున్నర. ఆరున్నర అనుకుంటావేమో జాగ్రత్త, జర్మన్లు అలాంటి మాటనే ఆరున్నరకు వాడతారు. "ట్యూస్‌డే వీక్" అంటే వచ్చే మంగళవారానికి సరిగ్గా వారం తర్వాతి మంగళవారం. "ఫోర్ట్‌నైట్" అంటే పద్నాలుగు రోజులు, మన పక్షానికి దగ్గర. "నెక్స్ట్ ఫ్రైడే" అన్న మాట మీద ఇంగ్లీషు పుట్టుభాషైన వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. కొందరికి అది రాబోయే శుక్రవారం, కొందరికి ఆపై వారంలోది. అలాగే మీటింగు "ముందుకు జరిపారు" అని ఇంగ్లీషులో చెబితే తొందరగా జరుగుతుందని కొందరు, ఆలస్యంగా జరుగుతుందని కొందరు అర్థం చేసుకుంటారని లెరా బొరొడిట్‌స్కీ వంటి మనస్తత్వశాస్త్రజ్ఞులు పరిశోధించి చూపారు. మన దగ్గర పుట్టి పెరిగిన "ప్రీపోన్" ఈ గొడవ లేకుండా సూటిగా చెబుతుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాన్ని భారతీయ ఇంగ్లీషు మాటగా చేర్చుకుంది కూడా. నాకు ఆ మాటంటే గౌరవం. కాని అక్కడివాళ్లకు అలవాటు లేదు కాబట్టి "బ్రాట్ ఫార్వర్డ్" అని చెప్పి, వెంటనే తారీఖు చెప్పు.

భోజనాల పేర్లతో కాలం చెప్పేవాళ్లూ ఉంటారు. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో చాలామందికి డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం, టీ అంటే సాయంత్రపు భోజనం. అక్కడి పెద్దాయన "ఆఫ్టర్ మై టీ" మాత్ర వేసుకున్నానంటే కప్పు టీ తాగాక అనుకోకు.

మందుల దగ్గర ఇంకా జాగ్రత్త. "ఫోర్ టైమ్స్ ఎ డే" అంటే మెలకువగా ఉన్న వేళల్లో నాలుగుసార్లు సర్దుకోవచ్చు. "ఎవ్రీ సిక్స్ అవర్స్" అంటే రాత్రి నిద్ర లేపి అయినా ఆరేసి గంటలకు ఇవ్వాలి. పారాసిటమాల్ డబ్బా చూడు. 500 మిల్లీగ్రాముల మాత్రలు పెద్దవాళ్లు 24 గంటల్లో 8 మించకూడదని, రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు ఉండాలని ఉంటుంది. అక్కడ "ఎ డే" అనకుండా "ఇన్ 24 అవర్స్" అనడంలోనే కిటుకుంది. ఒకాయన సాయంత్రం ఆరింటికి రెండు, రాత్రి పదింటికి రెండు వేసుకున్నాడు. అర్ధరాత్రి దాటింది, తారీఖు మారింది కదా అని మళ్ళీ ఎనిమిది వేసుకోవడానికి లేదు. మర్నాడు సాయంత్రం ఆరు దాకా ఆయనకు మిగిలింది నాలుగే. ఇక్కడ రోజు మొదలైంది ఆయన మొదటి మాత్రతో, క్యాలెండరుతో కాదు. బీడీ, టీడీఎస్ అని మనం రాసే లాటిన్ పొడి అక్షరాలు అక్కడా కనిపిస్తాయి. కానీ మందు ఎప్పుడు వేయాలో పొడి అక్షరాలు లేకుండా ఇంగ్లీషులో రాయడమే మేలని బ్రిటిష్ నేషనల్ ఫార్ములరీ చెబుతుంది. నువ్వూ అదే పాటించు.

మత్తు ఇచ్చే ముందు సాధారణంగా ఘనాహారం 6 గంటలు, తేటనీళ్లు 2 గంటలు ఆపమంటారు. "ఫర్ సిక్స్ అవర్స్ బిఫోర్" అని చెబితే రోగి ఏ గంట నుంచి మానాలో లెక్క తనే వేసుకోవాలి. ఆ లెక్క నువ్వే వేసి, ఆపరేషన్ వేళను బట్టి "ఫ్రమ్ టూ ఇన్ ది మార్నింగ్" అని గంట చెప్పు. భయంలో ఉన్న మనిషి చేత లెక్కలు చేయించకూడదు.

అర్ధరాత్రి విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక పొరపాటు పడే వీలుంది. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. "శుక్రవారం రాత్రి ఒంటిగంటకు" అంటే మన ఇళ్లలో ఎవరూ శనివారం అనుకోరు. ఇంగ్లీషు తారీఖు పన్నెండింటికే మారిపోతుంది, ఆ ఒంటిగంట శనివారానిది. టికెట్టు మీద 15వ తారీఖు 00:10 అని ఉంటే 15 రాత్రి స్టేషనుకు వెళ్లి, బండి నిన్న రాత్రే వెళ్లిపోయిందని తెలుసుకునే ప్రయాణికులు ఇందువల్లే ఉంటారు. నైట్ డ్యూటీలో ప్రతి రాతలోనూ ఇది ఎదురవుతుంది. "మిడ్‌నైట్ ఆన్ ఫ్రైడే" అని ఎవరన్నా ఏ రాత్రో అడుగు. నువ్వు చెప్పేటప్పుడు 23:59 అనో 00:01 అనో చెప్పు. అక్కడి ఆసుపత్రి కాగితాల్లో 24 గంటల లెక్కే ఉంటుంది కాబట్టి ఇప్పటి నుంచే నీ ఫోన్ గడియారాన్ని అలా మార్చుకో.

బ్రిటన్‌లో అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాన్ని ఒంటిగంటకు వెనక్కి తిప్పుతారు. ఆ రాత్రి ఒకటిన్నర రెండుసార్లు వస్తుంది. మార్చి చివరి ఆదివారం ఒక గంట మాయమవుతుంది. ఆ రాత్రుల్లో నీకు డ్యూటీ పడితే మందుల వేళలు ఎలా రాయాలో ముందే మీ సీనియరును అడుగు. మాకు ఫోన్ చేసేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకో, వేసవిలో మనం నాలుగున్నర గంటలు ముందుంటాం, చలికాలంలో ఐదున్నర.

"వెన్ ఐ విల్ జాయిన్" ఒకటి మిగిలింది. వెన్, ఆఫ్టర్, యాజ్ సూన్ యాజ్, అంటిల్ వంటి మాటలతో కాలం చెప్పే భాగంలో విల్ రాదు. "ఐ విల్ కాల్ యు వెన్ ఐ అరైవ్." విల్ అసలు పని దగ్గరే ఉంటుంది. ఎస్టర్‌డే, లాస్ట్ వీక్ లాంటి ముగిసిన కాలం పక్కన హావ్ రానివ్వకు. "ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే" కాదు, "ఐ సా హిమ్ ఎస్టర్‌డే".

వాక్యంలో చోటు కూడా చూసుకో. "సోమవారం గుంటూరు వెళ్లాను" అని మనం కాలం ముందు చెప్పి ఊరు తర్వాత చెబుతాం. వాళ్లు ఊరు చెప్పి కాలం చివర పెడతారు. మనం నెల, రోజు, గంట అని పెద్దదాని నుంచి చిన్నదానికి వస్తే వాళ్లు గంట, రోజు, నెల అని చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్తారు. రోజూ రాత్రి పడుకునే ముందు ఆ రోజు డ్యూటీ గురించి నాలుగైదు వాక్యాలు ఈ వరసలో రాసి, పైకి చదువు. వ్యాకరణం పుస్తకాలు అంతకంటే ఎక్కువ నేర్పవు.

నీ యాస గురించి, నీ ఇంగ్లీషు గురించి దిగులు పెట్టుకోకు. దిగులు వల్ల నోరు మూతపడుతుంది, అడగాల్సినవి అడగలేవు. కాలం దగ్గర అనుమానం వస్తే మాత్రం సిగ్గుపడకుండా ఏ తారీఖు, ఎన్ని గంటలకు అని అడిగి, విన్నది తిరిగి చెప్పి, సరేననిపించుకున్నాకే రాసుకో. నీ ఉత్తరంలో నేను గీతలు పెట్టిన వాక్యాలను నువ్వే తిరిగి రాయి. వెళ్లాక రోగుల నోట కాలం గురించి కొత్త మాట ఏది విన్నా నాకు రాసి పంపు, ఇక్కడ పిల్లలకు చెప్పడానికి పనికొస్తుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న